కెమెరా ఎక్కడ నిలబడింది? - జపాన్ ప్రయోగ లఘుచిత్రాలపై ఒక అభిమాని ఆలోచనలు

"జహీరాబాదులో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడివి, జపాను బొమ్మల సినిమాలతో నీకేం పని?" అని మొన్న ఒక సాహితీమిత్రుడు అడిగాడు. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు గాని అనుమానం ఉంది. బొమ్మల సినిమా పిల్లల కోసం, ప్రయోగం పండితుల కోసం; మరి ప్రయోగం చేసిన బొమ్మల సినిమా ఎవరి కోసం? ప్రజల పక్షాన రాయదలచినవాళ్ళకు దానివల్ల ఒరిగేదేమిటి? ఈ అనుమానం తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. నేను సినిమా శాస్త్రం చదివినవాణ్ణి కాను. కొన్నేళ్ళుగా ఈ లఘుచిత్రాలను ఇష్టంగా, ఒక్కోదాన్ని పదిసార్లయినా చూస్తూ వస్తున్న ప్రేక్షకుణ్ణి. ఆ చూపుతోనే నాకు తోచిన నాలుగు మాటలు రచయితల ముందూ, సాహిత్య విద్యార్థుల ముందూ పెడుతున్నాను.

చర్చకు ఒక కొలబద్ద కావాలి. దాన్ని నేను టోక్యో నుంచో పారిస్ నుంచో తెచ్చుకోలేదు. మా ఊరి పక్కనే దొరికింది. జహీరాబాదును ఆనుకొని పస్తాపూర్ ఉంది. అక్కడ 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత మహిళలు, జొన్నా సామా కొర్రా పండించే సన్నకారు రైతులు, 1990ల చివర వీడియో కెమెరా పట్టుకోవడం నేర్చుకొన్నారు. వాళ్ళలో చాలామంది బడి ముఖం చూడనివాళ్ళు. 2001లో తమదైన మీడియా ట్రస్టు ఏర్పాటు చేసుకొన్నారు. వరంగల్ ప్రాంతంలో బీటీ పత్తి వేసిన రైతుల కష్టనష్టాల మీద వాళ్ళు తీసిన చిత్రం దేశం ఎల్లలు దాటింది. కెమెరా కోణాలకు సినిమా పుస్తకాల్లో ఉండే ఇంగ్లీషు పేర్లు వాళ్ళకు అక్కరకు రాలేదు. కెమెరాను ఎదుటి మనిషి కళ్ళకు సమంగా పట్టుకొంటే దానికి 'సంఘం షాట్' అని పేరు పెట్టుకొన్నారు. సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు గనక ఆ పేరు. మనిషికీ మనిషికీ మధ్య ఎచ్చుతగ్గులు చూపే కోణానికి పటేలు పేరు అంటుకొంది.

ఈ నామకరణంలో ఒక సాహిత్య సిద్ధాంతమే ఉందని నా నమ్మకం. రూపం అనేది వస్తువుకు తొడిగే చొక్కా అని మనలో చాలామందిమి ఇప్పటికీ అనుకొంటున్నాం. చొక్కా మార్చినా మనిషి మారడనీ, అందువల్ల రూపం గురించి అతిగా ఆలోచించడం కాలక్షేపమనీ మన వాదన. పస్తాపూర్ స్త్రీలు కెమెరా పట్టుకొన్న తొలినాళ్ళలోనే గ్రహించింది వేరు. కెమెరా ఎంత ఎత్తున నిలబడిందో చెబితే చాలు, అది ఎవరి పక్షాన నిలబడిందో సగం తెలిసిపోతుంది. రూపం అంటే నిలబడే చోటు. ఈ కొలబద్దతోనే జపాన్ చిత్రాలను చూద్దాం.

ముందు పదాల సంగతి. మన పిల్లలు 'అనిమే' అంటే జపాన్ నుంచి వచ్చే బొమ్మల సీరియళ్ళు అనుకొంటారు. జపానులో మాత్రం ఆ మాటకు ఏ దేశపు యానిమేషన్ అయినా అనే అర్థం. బొమ్మకు ప్రాణం పోసే పని ఎంత శ్రమతో కూడిందో ఒక లెక్క చెబుతాను. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. పది నిమిషాల చిత్రమంటే 14,400 ఫ్రేములు. ఒక్కో బొమ్మను మూడు ఫ్రేములపాటు నిలిపి పొదుపు చేసినా 4,800 బొమ్మలు గీయాలి. నటుణ్ణి కెమెరా ముందు నిలబెట్టి తీసే సినిమాలో చెట్టు ఆకు తనంతట తాను కదులుతుంది. ఇక్కడ ఎవరో ఒకరు కూర్చొని గీస్తే తప్ప ఆకు కూడా కదలదు. కాబట్టి ఈ కళలో యాదృచ్ఛికం అంటూ దాదాపు ఉండదు. తెరమీద ఉన్న ప్రతిదీ ఒకరి నిర్ణయం, ఒకరి శ్రమ.

ఆ శ్రమకు డబ్బు ఎవరిస్తారు అన్న ప్రశ్న నుంచే ప్రయోగం పుట్టింది. 1960లో యోజీ కురి, ర్యోహెయ్ యానాగిహారా, హిరోషి మనాబె అనే ముగ్గురు చిత్రకారులు ఒక జట్టుగా ఏర్పడి, పెద్ద స్టూడియోలతో సంబంధం లేకుండా టోక్యోలోని సోగెత్సు హాలులో తమ పొట్టి చిత్రాలు ప్రదర్శించారు. అప్పటికే కామిక్కుల రచయితగా జనంలో పేరున్న ఒసాము తేజుకా 1961లో సొంత స్టూడియో పెట్టాడు. ఆయన తొలి చిత్రం 'ఒక వీధి మూల కథ' 1962లో వచ్చింది. అందులో గోడమీది పోస్టర్లే ముఖ్య పాత్రలు. యుద్ధం వస్తుంది, సంగీత కచేరీల పోస్టర్ల చోట నియంత బొమ్మ వెలుస్తుంది, చివరకు అంతా తగలబడిపోతుంది. పోస్టరు కదలనవసరం లేదు గనక బొమ్మలు తక్కువ సరిపోతాయి. చేతిలో డబ్బు లేకపోవడం ఒక కొత్త రూపానికి దారి తీసింది. ఆ రూపం యుద్ధంలో మూగగా కాలిపోయే బతుకులకు సరిగ్గా అమరింది. 1963 జనవరి 1న ఆయన స్టూడియో నుంచే 'ఆస్ట్రో బాయ్' టీవీ ధారావాహిక మొదలైంది. వారం వారం అరగంట భాగం ఇవ్వాలంటే గీసిన బొమ్మలనే మళ్ళీ మళ్ళీ వాడుకోవాలి, కదలికలు తగ్గించాలి. ఈ పొదుపు పద్ధతే తర్వాత జపాన్ పరిశ్రమ మొత్తానికి అలవాటయింది. ఒకే మనిషి చేతిలో ఒకే లేమి ఒక పక్క ప్రయోగాన్నీ, మరోపక్క మూస సరుకునూ కన్నది. ఈ వైరుధ్యాన్ని గుర్తు పెట్టుకోవాలి. లేమి దానంతటదే కళ కాదు. దాన్ని ఏ పనికి వాడామన్నదే ప్రశ్న.

ఇక చిత్రాల్లోకి వస్తాను. తేజుకాయే 1984లో తీసిన 'జంపింగ్' ఆరు నిమిషాల చిత్రం. ఇందులో కథానాయకుడు తెరమీద కనిపించడు. కెమెరాయే అతడు. పొలిమేర దారిలో ఎవరో పిల్లవాడు గెంతుకొంటూ పోతున్నట్టు మొదలవుతుంది. ఒక్కో గెంతూ పెరుగుతుంది. చెట్ల మీదుగా, ఇళ్ళ మీదుగా, ఆకాశహర్మ్యాల మీదుగా, సముద్రాల మీదుగా ఎగిరి చివరకు యుద్ధభూమిలో పడతాడు. అక్కడి పేలుడు అతన్ని నరకానికి నెడుతుంది. తిరిగి మొదటి దారిలోకే వచ్చి పడతాడు. చిత్రమంతా తెగని ఒకే షాటు.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఇది గారడీగా తోచింది. మూడోసారి చూసినప్పుడు పస్తాపూర్ గుర్తుకొచ్చింది. పైకి ఎగిరిన కొద్దీ మనుషులు చీమలవుతారు. ఆ ఎత్తులో ఉన్నంతసేపూ ప్రపంచం అందంగా ఉంటుంది, ఊళ్ళన్నీ బొమ్మరిళ్ళే. కాని ఎగిరినవాడు ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. దిగిన ప్రతిసారీ నేల అతనికి ఒక నిజం చెబుతుంది. చూసేవాడి ఎత్తు మారితే నీతి మారుతుందన్న మాటను ఉపన్యాసంలో గంటసేపు చెప్పవచ్చు. తేజుకా ఒక్క మాట లేకుండా, ప్రేక్షకుడి కడుపులో గుబులు పుట్టించి చెప్పాడు. ఇక్కడ ప్రయోగాన్ని తీసేస్తే వస్తువు కూడా మిగలదు. రూపవాదానికీ సార్థకమైన ప్రయోగానికీ తేడా ఇదేననుకొంటాను.

కత్సుహిరో ఓతోమో తీసిన 'ఫిరంగుల పట్నం' 1995లో 'మెమరీస్' అనే మూడు చిత్రాల సంపుటిలో చివరిదిగా వచ్చింది. ఇరవై నిమిషాల పైచిలుకు నిడివి. ఇదీ కోత లేని ఒకే షాటులా సాగుతుంది. ఆ పట్నంలో ప్రతి ఇంటి కప్పు మీదా ఫిరంగి ఉంటుంది. తండ్రి పెద్ద ఫిరంగికి గుండు ఎక్కించే కూలి. తల్లి గుళ్ళ కార్ఖానాలో పనిచేస్తుంది. కొడుకు బడిలో చదివేది గుండు ఎంత దూరం పోతుందన్న లెక్క. శత్రువు ఎవరో ఎవరూ చూడలేదు. మనం ఎవరితో యుద్ధం చేస్తున్నామని కొడుకు అడిగితే, పెద్దయ్యాక తెలుస్తుందని తండ్రి దాటవేస్తాడు. ఆ పిల్లవాడి కోరిక తండ్రిలా గుండు మోయడం కాదు, పేల్చే అధికారి కావడం.

ఈ కథను మామూలు పద్ధతిలో, దృశ్యాలుగా కోసి చెబితే ఏమవుతుంది? ఇల్లు వేరు, బడి వేరు, కార్ఖానా వేరు అవుతాయి. కోత లేకపోవడంవల్ల మంచం మీద మొదలైన చూపు మెట్లు దిగి, రైలెక్కి, కార్ఖానాలో దూరి మళ్ళీ మంచం దగ్గరికే చేరుతుంది. బయటికి దారి లేదు. యుద్ధ ఆర్థిక వ్యవస్థ మనిషి జీవితంలోని ప్రతి మూలకూ ఎలా పాకుతుందో వ్యాసాలలో చదివాం. ఆ ఊపిరాడనితనాన్ని ఇక్కడ అనుభవిస్తాం. షిఫ్టు సైరనుకు లేచి, సైరనుకు పడుకొనే కుటుంబాలు మా పట్నంలోనూ ఉన్నాయి. ఈ చిత్రం చూసిన నా విద్యార్థి ఒకడు, కార్ఖానాలో పనిచేసే తండ్రి కొడుకు, "సార్, ఆ పోరడు వాళ్ళ నాయన లెక్క కావద్దనుకుంటుండు గని, నాయన ఎందుకట్ల ఉన్నడో అడగడు" అన్నాడు. నేను ఆ తరగతిలో చెప్పదలచుకొన్నదాని కంటే అది మేలైన విమర్శ.

పై రెండు చిత్రాల్లో యుద్ధం ఊహ. 'పికా దోన్'లో అది చరిత్ర. రెన్‌జో కినోషితా, సయోకో కినోషితా దంపతులు 1978లో తీసిన ఈ పది నిమిషాల లోపు చిత్రం 1945 ఆగస్టు 6 ఉదయాన హిరోషిమాలో జరిగింది చూపుతుంది. 'పికా' అంటే మెరుపు, 'దోన్' అంటే పేలుడు చప్పుడు. చిత్రంలో సగభాగం ఏ విశేషమూ లేని ఉదయం. జనం లేస్తారు, తింటారు, పనులకు బయల్దేరుతారు. బొమ్మలు పిల్లల పుస్తకంలోవాటిలా తేలికగా, ముద్దుగా ఉంటాయి. మెరుపు తర్వాత అవే ముద్దు బొమ్మలు కరిగిపోతాయి. వార్తాచిత్రంలో శవాలను చూసి కళ్ళు మూసుకొన్నవాళ్ళు కూడా ఇక్కడ మూసుకోలేరు. ఆ మనుషులతో అప్పటికే పొద్దుటి పూట గడిపేశాం గనక వాళ్ళు మనకు లెక్కల్లోని మృతులు కారు. ఈ దంపతుల చొరవతోనే 1985లో హిరోషిమాలో అంతర్జాతీయ యానిమేషన్ ఉత్సవం మొదలై 2020 వరకూ సాగింది. ఆ మొదటి ఉత్సవంలో పెద్ద బహుమతి తేజుకా 'తెగిపోయిన ఫిలిం' చిత్రానికి దక్కింది. బాంబు పడిన ఊరు బొమ్మల పండుగకు వేదిక కావడంలో ఎంత అర్థముందో విడమరచి చెప్పనక్కరలేదు.

మన సంప్రదాయానికి అతి దగ్గరగా వచ్చే చిత్రం కోజీ యమమురా 2002లో తీసిన 'తల కొండ'. పది నిమిషాల చిత్రం. దీనికి మూలం జపాన్ కథకులు తరతరాలుగా చెప్పే ఒక హాస్య కథ. ఒక పిసినారి చెర్రీ గింజలు పారేయడం ఇష్టం లేక మింగేస్తాడు. నెత్తిన చెట్టు మొలుస్తుంది. పూత పూస్తే జనం అతని నెత్తి మీదికే వచ్చి తిని తాగి గోల చేస్తారు. విసిగి చెట్టు పీకేస్తే ఆ గుంటలో నీళ్ళు నిలిచి చెరువవుతుంది. చివరకు ఆ చెరువులోనే, అంటే తన నెత్తి మీదనే, పడి మునిగిపోతాడు. యమమురా దీన్ని నేటి పట్టణంలోకి తెచ్చాడు. కథ చెప్పింది తకెహారు కునిమోతో అనే గాయక కథకుడు, చేతిలో మూడు తీగల షమిసెన్ వాయిస్తూ.

ఆ గొంతు విన్న క్షణమే నాకు బుర్రకథ గుర్తుకొచ్చింది. తంబురా మీటుతూ, మాట నుంచి పాటకూ పాట నుంచి మాటకూ జారే కథకుడు మనకు కొత్తవాడా? 1940లలో ప్రజానాట్యమండలి చేసిందీ ఇదే కదా. వీరుల కథలు చెప్పే బుర్రకథను తీసుకొని నాజర్ వంటి కళాకారులు అందులో ఆకలిని, కరువును, పోరాటాన్ని చెప్పారు. చేర్యాల నకాషీ పటాలలో ఒక్కో గడిగా బొమ్మ విప్పుతూ కథ చెప్పే పద్ధతి, వెనక దీపం పెట్టి తోలుబొమ్మలాడించే పద్ధతి యానిమేషన్‌కు మేనత్త బిడ్డలే. ప్రయోగమంటే పాతదాన్ని తెంచుకోవడమే అనుకొనేవాళ్ళు ఈ చిత్రాన్ని చూడాలి. యమమురా తన ప్రయోగానికి ముడిసరుకును జానపద కథకుడి దగ్గరే వెతుక్కొన్నాడు. ఈ చిత్రం 2003లో ఆస్కార్ పోటీలో నిలిచింది; ఫ్రాన్సులోని ఆనెసీ ఉత్సవంలో అగ్రబహుమతి అందుకొంది.

చివరగా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన చిత్రం. కునియో కాతో 2008లో తీసిన 'దిమ్మల ఇల్లు' పన్నెండు నిమిషాల చిత్రం. 2009లో ఆస్కార్ గెలిచింది. ప్రపంచం నీట మునుగుతుంటే ఒక ముసలాయన తన ఇంటి మీద ఇంకో అంతస్తు, దాని మీద ఇంకోటి కట్టుకొంటూ బతుకుతుంటాడు. ఒకరోజు ఆయన చుట్టపు గొట్టం నీళ్ళలో పడిపోతుంది. దాని కోసం మునక దుస్తులు తొడుక్కొని కిందికి దిగుతాడు. ఒక్కో అంతస్తులో ఒక్కో కాలం. భార్య జబ్బు పడిన గది, కూతురు పెళ్ళయి వెళ్ళిన గది, ఆమె పుట్టిన గది, అట్టడుగున యవ్వనంలో భార్యతో కట్టుకొన్న మొదటి ఇల్లు. కాలాన్ని నిలువుగా పేర్చి చూపడం ఇక్కడి ప్రయోగం. గతం వెనక ఉంటుందని మనం రాస్తాం. ఆయన గతాన్ని కాళ్ళ కింద పెట్టాడు.

దీన్ని మా పెద్దమ్మకు చూపించాను. మాటలు లేని సినిమా గనక అనువాదం అవసరం పడలేదు. ఆమె పుట్టి పెరిగిన ఊరు మంజీర వెనక జలాల కింద ఉంది. చూస్తూ చూస్తూ ఆమె తమ ఇంటి దలాను గురించి, గిలకబాయి గురించి, మక్కకంకులు వేలాడదీసిన దూలం గురించి చెప్పడం మొదలుపెట్టింది. చిత్రం అయిపోయాక కాసేపు ఊరుకొని, "ముసలాయన నసీబున్నోడు కొడుకా. ఇల్లు ఆయన కాళ్ళ కిందనే ఉన్నది. మా ఇల్లు యాడున్నదో నేనిప్పుడు పడవేసుకొని పోయినా చూపలేను" అంది. మళ్ళీ తనే అడిగింది: "గని ఆ నీళ్ళెవలు ఇడిసిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. చిత్రంలోనూ లేదు. అందులో నీళ్ళు పెరుగుతాయి, అంతే. ఎందుకు పెరిగాయో, మిగతా ఊరంతా ఎటు పోయిందో చిత్రం అడగదు. వాతావరణ మార్పు మీద వ్యాఖ్య అని కొందరంటారు, జ్ఞాపకానికి ప్రతీక అని ఇంకొందరంటారు. రెండూ పొసగుతాయి. కాని నీట మునిగిన ఊరి మనిషికి నీళ్ళు ప్రతీక కావు. వాటికి కారణం ఉంటుంది, తేదీ ఉంటుంది, కాగితం ఉంటుంది. ఆమె ప్రశ్న చిత్రాన్ని చిన్నబుచ్చలేదు. ఆ చిత్రమే ఆమె నోట ఎన్నేళ్ళుగానో రాని ఊరిని పలికించింది. అయితే అది ఎక్కడ ఆగిపోయిందో కూడా ఆ ప్రశ్నే చూపించింది.

ఈ లఘుచిత్రాలలో నాకు కనిపించే పరిమితి ఇదే. వీటిలో చాలావాటిలో మనిషి ఒంటరి. బాధ ఉంది, దాన్ని పంచుకొనే సమూహం లేదు. పేరు ప్రఖ్యాతులున్న కొన్నింటిలో నైపుణ్యం తప్ప మరేమీ లేదు. వెలుగులూ రంగులూ అయిపోయాక చేతిలో ఏమీ మిగలదు. మరో సంగతి కూడా అభిమానులం దాచకూడదు. ఈ అందం వెనక ఉన్న శ్రమకు తగిన కూలి లేదు. టోక్యో స్టూడియోలలో ఒక భంగిమకూ మరో భంగిమకూ మధ్య బొమ్మలు గీసే కొత్తవాళ్ళకు బొమ్మ లెక్కన డబ్బిచ్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకొనే తెలంగాణ ఆడవాళ్ళకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. మాకు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదులో కూడా యానిమేషన్ పరిశ్రమ పెరిగింది. 2008లో మొదలైన 'ఛోటా భీమ్' అక్కడ పుట్టిందే. బయటి దేశాల కథలకు బొమ్మలు గీసి పంపే పనీ అక్కడ జరుగుతుంది. మన యువకుల చేతులకు నైపుణ్యం వచ్చింది. మన కథను మన చూపుతో, పది నిమిషాల్లో, అమ్మకం సంగతి పక్కన పెట్టి చెప్పే అవకాశం మాత్రం వాళ్ళకు ఇంకా అరుదుగానే దొరుకుతోంది.

అయితే మన రచయితలు వీటినుంచి తీసుకోవలసిందేమిటి? నెత్తిన చెట్టు మొలిచిన మనుషుల గురించి మనమూ రాయాలని నా అర్థం కాదు. మన కథల్లో వస్తువు ఎంత కొత్తదైనా, కథకుడు మాత్రం తరచూ ఒకే చోట, కాస్త ఎత్తున నిలబడి ఉంటాడు. కూలి గురించి రాస్తూ కూలిని పైనుంచి చూస్తాడు, లేదా పూజిస్తూ కిందినుంచి చూస్తాడు. రెండు చోట్లా సమానత్వం లేదు. ఎక్కడ నిలబడి చెప్పాలి, ఎక్కడ కోయాలి, ఎక్కడ కోయకూడదు, కాలాన్ని అడ్డంగా పరచాలా నిలువుగా పేర్చాలా అనే ప్రశ్నలు శిల్పానికి సంబంధించినవే. అవి అంతే గట్టిగా పక్షానికి సంబంధించిన ప్రశ్నలు కూడా. రూపం గురించి ఆలోచించడాన్ని రూపవాదులకు వదిలేస్తే నష్టపోయేది మనమే.

ఇంకొక మాట. ప్రయోగం జనానికి అర్థం కాదన్న వాదన నా అనుభవంలో నిలవలేదు. కార్ఖానా కార్మికుడి కొడుక్కీ, చదువురాని మా పెద్దమ్మకీ ఈ చిత్రాలు అర్థమయ్యాయి. అర్థం కావడమే కాదు, వాళ్ళు అడగవలసిన ప్రశ్నలు అడిగారు. ఆ ప్రశ్నలకు జవాబుగా ఒక చిత్రమో కథో తెలుగులో రావాలి. పన్నెండు నిమిషాలో, పన్నెండు పేజీలో. మంజీర కింది ఊరు, దాని అంతస్తులు, అందులో కనిపించే మనుషులు, ఆ నీళ్ళు వచ్చిన కారణం కూడా. అది సంఘం షాట్‌లో ఉండాలి. మా పెద్దమ్మకు ఎనభై దాటాయి. ఆలస్యం చేయకపోతే మంచిది.